ఇంటి భాష, వీధి భాష — గాయకుడు షార్ల్ అజ్నవూర్ జీవితము
(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభయందు ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



ఈ సభలో ప్రధానోపాధ్యాయుడు లేచి నిలువగనే పరీక్షాఫలితములు, భవననిధి, పైకప్పు మరమ్మతు అను మూడు విషయములు వినవలసివచ్చునని మీరెల్లరు ఎరుగుదురు. ఆ లెక్కలన్నియు కార్యదర్శిగారి నివేదికలో ఉన్నవి. కావున నేడు వానిని విడిచి, ఫ్రాన్సు దేశపు గాయకుడొకని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిని. మన తెలుగు బడికిని ఫ్రెంచి గాయకునికిని ఏమి సంబంధమని ముందు వరుసలోని పెద్దలు ఒకరి ముఖమొకరు చూచుకొనుచున్నారు. సంబంధము కలదు. కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

గత జూను మాసమున నాలుగవ తరగతి బాలుని తండ్రి యొకరు నా గదికి వచ్చిరి. ఆయనయు ఈ బడిలో చదివినవారే. నేను అక్షరములు దిద్దించిన చేతులే ఆయనవి. కూర్చొనుమనినను కూర్చొనలేదు. “అయ్యవారూ, తప్పుగా అనుకోవద్దు. ఇంట్లో తెలుగు, బళ్లో తెలుగు. రేపు వీడు బజారులో, ఆఫీసులో తమిళం మాట్లాడలేక నోరు మూసుకొని నిలబడితే ఎవరిది బాధ్యత? టి.సి. ఇప్పించండి” అనిరి. నేను మాతృభాష గొప్పదనమును గూర్చి అరగంట చెప్పితిని. ఆయన వినయముతో వినిరి, చేతులు జోడించిరి, టి.సి. పుచ్చుకొని వెళ్లిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను చెప్పినదంతయు సత్యమే. కాని ఆయన అడిగిన ప్రశ్నకు అది సమాధానము కాదు.

దసరా సెలవులలో పుదుచ్చేరి వెళ్లితిని. అచ్చట మా బంధువొకరు కలరు. వారి కుటుంబము యానాము నుండి వచ్చి స్థిరపడినది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో ఉండుటచే ఆయనకు చిన్ననాటినుండియు ఫ్రెంచి వచ్చును. ఒక సాయంకాలము ఆయన పాత గ్రామఫోను రికార్డు ఒకటి వేసిరి. గొంతు శ్రావ్యమైనది కాదు, కొంచెము గరగరగ ఉన్నది. ఐనను వినుచుండ గుండె పట్టివేసినట్లయ్యెను. పాడినది ఎవరని అడిగితిని. “అజ్నవూర్. ఫ్రాన్సువాళ్లు తమ భాషకు ఇతడే సొగసని చెప్పుకుంటారు. కాని ఇతని ఇంట్లో మాట్లాడింది ఫ్రెంచి కాదు నాయనా” అనిరి. ఆ మాట నన్ను పట్టుకొన్నది. నాటినుండి ఆ గాయకుని జీవితమును గూర్చి దొరకినంత మేరకు చదివితిని. జూను మాసములో ఆ తండ్రి అడిగిన ప్రశ్నకు సమాధానము అందు కనబడినది.

ఆయన ఇంటి భాష ఆర్మీనియను. ఆ పేరు మనకు కొత్తది కాదు. చెన్నపట్టణమున జార్జిటౌనులో తిరిగినవారు ఆర్మీనియను వీధిని చూచియుందురు. ఆ వీధిలో 1772లో కట్టిన ఆర్మీనియనుల చర్చి నేటికిని నిలిచియున్నది. పరంగిమల పైకి మెట్లు కట్టించినది పెట్రస్ ఉస్కాన్ అను ఆర్మీనియను వర్తకుడు. వీనికన్న ఆశ్చర్యకరమైన విషయము మరియొకటి కలదు. ప్రపంచములో ఆర్మీనియను భాషలో వెలువడిన మొట్టమొదటి పత్రిక ‘అజ్దరార్’. అది ఆర్మీనియాలో వెలువడలేదు. 1794లో మన మద్రాసులో అచ్చయినది. హరుత్యున్ ష్మవోనియన్ అను పురోహితుడు దానిని నడపెను. వేల మైళ్ల దూరమున, పరదేశములో, కొలదిమంది వర్తకుల మధ్య ఒక భాషకు తొలి పత్రిక పుట్టినదన్నమాట.

ఐతే నేడు ఆ వీధిలో ఆర్మీనియను మాట వినబడదు. చర్చి ఉన్నది, గంటలు ఉన్నవి, వీధికి పేరున్నది. ఆ భాష మాట్లాడు పిల్లలు మాత్రము లేరు. వర్తకము తగ్గినది, కుటుంబములు తరలిపోయినవి. కట్టడమును కావలివాడు కాపాడగలడు. భాషకు కావలివాడు చాలడు. ఈ సంగతిని మీరు మనసున ఉంచుకొనుడు. ఇక పారిస్ నగరమునకు పోవుదము.

ఆర్మీనియనులది చిన్న జాతి, పాత భాష. వారి లిపిని క్రీ.శ. 405 ప్రాంతమున మెస్రోప్ మష్తోత్స్ అను మహనీయుడు కల్పించెను. ఆ అక్షరములతోనే వారు నేటికిని వ్రాయుచున్నారు. 1915లో ఒట్టోమాను తురుష్క సామ్రాజ్యములో ఆ జాతిపై ఘోరమైన హత్యాకాండ జరిగినది. లక్షలాది జనులు చంపబడిరి, ఎడారులలో నడిపింపబడి మరణించిరి. మిగిలినవారు చేతికందిన మూటతో దేశదేశములకు పోయిరి. అట్లు పోయినవారిలో మిషా అజ్నవూరియాన్, క్నార్ అను దంపతులుండిరి. భర్త గాయకుడు, భార్య నటి. వారికి 1923లో గ్రీసు దేశపు సలోనికా రేవులో ఐదా అను కూతురు పుట్టినది. వారి కోరిక అమెరికా చేరుట. ప్రవేశపత్రము కొరకు పారిస్‌లో వేచియుండిరి. ఆ నిరీక్షణలో, 1924 మే 22వ తేదీన వారికి కుమారుడు జన్మించెను. తల్లిదండ్రులు షహనూర్ అని పేరు పెట్టుకొనిరి. ఆ పేరు ఆసుపత్రివారి నోట తిరుగక ‘షార్ల్’ అయినదని చెప్పుదురు. మన పిల్లల పేర్లును ఇంటి పేర్లును కచేరీ కాగితములలో ఎట్లు మారిపోవునో మీకు తెలియును గదా! అమెరికా ప్రయాణము సాగలేదు. వారు పారిస్‌లోనే నిలిచిపోయిరి.

తండ్రి అచ్చట ‘కాకసస్’ పేరిట చిన్న భోజనశాల పెట్టెను. అందు వంటతో పాటు సంగీతముండెను. ఆర్మీనియను, రష్యను ప్రవాసులు వచ్చి తినుచు, పాడుచు, కంటతడి పెట్టుచుండిరి. పాడువాడు స్వయముగ యజమానియే. సయత్ నోవా అను 18వ శతాబ్దపు ఆర్మీనియను కవిగాయకుని పాటలు ఆ తండ్రికి కంఠస్థములు. వ్యాపారము నిలువలేదు, కష్టములు వచ్చినవి. కాని ఆ యింట పాట మానలేదు. ప్రవాసులు తమలో తాము ఆడుకొను ఆర్మీనియను నాటకములలో తల్లిదండ్రులు వేషములు కట్టుచుండగా, పిల్లలిద్దరును తెర ప్రక్కన కూర్చుండి చూచుచుండిరి. అక్క పియానో నేర్చినది. తమ్ముడు తొమ్మిదవ యేటనే, 1933లో, పారిస్ రంగస్థలముపై ఫ్రెంచి నాటకములో బాలపాత్ర ధరించెను.

ఇచ్చట నా మనసు నాకర్షించిన సంగతి ఇది. ఆ యింటిలో బాలునికి ‘ఇది నీ భాష, దీనిని కాపాడుము’ అని ఉపన్యాసమిచ్చినట్లు నేనెచ్చటను చదువలేదు. అన్నము పెట్టునపుడు ఆ భాష, కోపగించినపుడు ఆ భాష, పాడునపుడు ఆ భాష. అంతే. గడప దాటిన వెంటనే ఫ్రెంచి. ఆ వీధిలో, ఆ బడిలో, ఆ రంగస్థలముపై ఆ బాలుడు ఫ్రెంచి పిల్లలతో ఫ్రెంచివానివలెనే పెరిగెను. రెండింటికిని పోరాటమేదియు లేదు. ఒకటి ఇల్లు, ఒకటి వీధి. ఇంటనుండి వీధికి పోవునపుడు ఎవడును ఇల్లు పడగొట్టి పోడు గదా!

చదువు విషయమున ఆయన అదృష్టవంతుడు కాడు. కుటుంబ పరిస్థితులవలన పెద్ద చదువు సాగలేదు. ప్రాథమిక స్థాయి దాటి బడిలో ఎక్కువ కాలము ఉండలేదు. తరువాత నేర్చినదంతయు చదివి, విని, పనిచేసి నేర్చినదే.

ఇంతలో యుద్ధము వచ్చినది. 1940లో జర్మనులు పారిస్‌ను ఆక్రమించిరి. అజ్నవూరియాను కుటుంబము నివసించినది చిన్న వాటా. ఆ చిన్న వాటాలో వారు ప్రాణభయముతో తిరుగుచున్న యూదులను దాచిరి. జర్మను సైన్యములో బలవంతముగ చేర్పబడి తప్పించుకొనివచ్చిన ఆర్మీనియను సైనికులకును ఆశ్రయమిచ్చిరి. పట్టుబడినచో కుటుంబమంతటికిని మరణమే. ఆ యింటికి వచ్చిపోవు మిత్రులలో మిస్సాక్ మనూషియాన్ అను యువకుడుండెను. 1915 హత్యాకాండలో అనాథయైన ఆర్మీనియను అతడు. మాతృభాషలో కవిత్వము వ్రాయువాడు, ఫ్రాన్సు స్వాతంత్ర్యము కొరకు ఆయుధము పట్టినవాడు. 1944 ఫిబ్రవరి 21న జర్మనులు అతనిని సహచరులతో పాటు కాల్చివేసిరి. అతని భార్య మెలినేను అజ్నవూరియానులు తమ యింట దాచిరి. సరిగా 80 సంవత్సరముల తరువాత, 2024 ఫిబ్రవరి 21న, ఫ్రాన్సు ప్రభుత్వము ఆ దంపతులను తమ జాతి మహాపురుషుల సమాధిమందిరమైన పాంథియానులో చేర్చి గౌరవించినది. ఇంట వేరొక భాష మాట్లాడువాడు ఆ దేశమునకు సగము పౌరుడే అని అనువారు ఈ కథను ఒకసారి జ్ఞాపకము చేసికొనవలెను. అజ్నవూరియాను కుటుంబము చేసిన సాహసమును గుర్తించి 2017లో ఇజ్రాయేలు అధ్యక్షుని చేతులమీదుగా షార్ల్‌కును, ఆయన సోదరికిని పతకము ప్రదానము చేయబడెను.

యుద్ధానంతరము షార్ల్ పాటనే వృత్తిగా చేపట్టెను. పియెర్ రోష్ అను పియానో విద్వాంసునితో జతకట్టి చిన్నచిన్న సభలలో పాడుచుండెను. 1946లో ఎదిత్ పియాఫ్ కంట పడెను. ఆమె అప్పటికే ఫ్రాన్సు గుండెను గెలిచిన గాయని. ఆమె వీరిని తనతో సంచారమునకు తీసికొనిపోయెను. కొన్ని సంవత్సరములు షార్ల్ ఆమె యింటనే ఉండి, కారు నడపుట మొదలు దీపములు అమర్చుట వరకు అన్ని పనులును చేసెను. ఆమెకు పాటలును వ్రాసియిచ్చెను. ఒకసారి ఆదివారములను గూర్చి ఆయన వ్రాసిన పాటను ఆమె వలదని త్రోసివేసెను. దానినే 1951లో జూలియెట్ గ్రెకో అను యువగాయని పాడగా బహుమతి వచ్చినది. పాట వ్రాయగలడని లోకము ఒప్పుకొన్నది. పాడగలడని మాత్రము ఒప్పుకొనలేదు.

విమర్శకులు ఆయనను ఎంత హింసించిరో చెప్పుటకు మనసొప్పదు. పొట్టివాడనిరి, ముఖము బాగులేదనిరి, గొంతు పగిలినదనిరి. ఆయన స్వరతంత్రులలో ఒకటి సరిగా పనిచేయదన్నది వైద్యులు చెప్పిన మాట. అట్టి గొంతుతో గాయకుడగుదునని బయలుదేరుట సాహసమే. దానికి తోడు పరదేశి పేరు. పేరు చివరనున్న ‘యాన్’ అను కొసను ఆయన వృత్తిలో విడిచెను. ఆర్మీనియను పేర్లలో ఆ కొసకు ‘ఫలానావారి వంశమువాడు’ అని అర్థము.

ఆయన చేసినదేమి? తనకు లేని గొంతును తెచ్చుకొనలేడు. తన చేతిలోనున్నది భాష. ఫ్రెంచి భాషను ఆయన వీధిలో విన్నట్లు విని, కంసాలి బంగారమును తూచినట్లు తూచి, ఒక్కొక్క మాటను తగిన చోట పెట్టుట నేర్చెను. చావుబ్రతుకులలోనున్న తల్లి చుట్టును చేరిన బిడ్డలు, గడచిపోయిన యౌవనము, పేద చిత్రకారుని మేడపై గది — ఇట్టివి ఆయన పాటలకు వస్తువులు. అందరు ఎరిగిన మాటలతో, ఎవరును అంత సూటిగా చెప్పని సంగతులు చెప్పెను. ఆయన వ్రాసిన పాటలు వేయికి పైబడినవి. ఫ్రెంచితో పాటు ఇంగ్లీషు, ఇటాలియను, స్పానిషు, జర్మను మొదలగు భాషలలోను పాడెను.

1960 డిసెంబరు మాసమున పారిస్‌లోని అలాంబ్రా రంగశాలలో ఆయన జీవితమును మార్చిన రాత్రి వచ్చినది. ఆయనకు అప్పటికి 36 ఏండ్లు. ఆ రాత్రి ఒక క్రొత్త పాట పాడెను. ఊరువిడిచి పారిస్ వచ్చి, నాడో నేడో పేరు వచ్చునని కాచుకొని, ముసలితనము సమీపించినను ఆశ విడువని నటుడొకడు అందు తన కథ చెప్పుకొనును. అంతకు మునుపు ఆ పాటను ఇవ్ మోంతాన్ అను పేరుగాంచిన గాయకుడు తనకు వలదనెను. పాట ముగిసినపుడు సభ నిశ్శబ్దముగ ఉన్నది. అంతయు పోయినదని షార్ల్ తలచెను. మరుక్షణమున సభ లేచి చప్పట్లతో దద్దరిల్లినది. నాటినుండి ఆయన వెనుకకు చూడలేదు. 1963లో న్యూయార్కు కార్నెగీ హాలులో పాడెను. 1974లో ఆయన ఇంగ్లీషు పాటయొకటి ఇంగ్లండులో అగ్రస్థానము నందినది. 1995లో, ఫ్రెంచి భాషకు తీర్పరియని పేరొందిన ఫ్రెంచి అకాడమీవారు ఆయనకు పాటలకై మహాపతకము నిచ్చిరి. ఆ అకాడమీ 1635 నాటిది. ఇంట ఆర్మీనియను మాట్లాడి, వీధిలో ఫ్రెంచి నేర్చి, బడి చదువు చాలించిన బాలునికి ఆ గౌరవము దక్కినది.

“అయ్యవారూ, వీడు వాళ్ల భాషలో నోరు మూసుకొని నిలబడితే?” అని అడిగిన తండ్రికి నేను ఈ కథలో ఇంతవరకు చెప్పవలసియుండెను. ఇంటి భాష వీధి భాషకు అడ్డు కాదు. రెండవదానిని మనసుపెట్టి నేర్వకపోవుటయే అడ్డు.

ఇక కథలో రెండవ సగము. ఇంత ప్రతిష్ఠ వచ్చిన పిమ్మట ఆయన తన యింటి భాషను మరచెనా? మరువలేదు. 1975లో, హత్యాకాండ జరిగి 60 ఏండ్లు నిండిన సందర్భమున, ఆ మృతులను గూర్చి ఫ్రెంచిలో పాట వ్రాసి పాడెను. దానికి బాణీ కట్టినవాడు ఆయన బావ, జార్జ్ గర్వరెంజ్ అను ఆర్మీనియను. ఆ హత్యాకాండను ఫ్రాన్సు ప్రభుత్వము చట్టరీత్యా గుర్తించినది 2001లో. అంతకు పాతికేండ్ల ముందే ఫ్రెంచి ఇండ్లలో ఆ దుఃఖమును ఆయన పాట వినిపించినది. తమవారి కథను ఇరుగుపొరుగువారి భాషలో, వారి హృదయమునకు తాకునట్లు చెప్పగలిగిన బిడ్డ జాతికి ఎంత ఉపకారియో చూడుడు.

1988 డిసెంబరు 7వ తేదీ ఉదయము ఆర్మీనియాలోని స్పితాక్ ప్రాంతమున మహాభూకంపము వచ్చినది. వేళ పదకొండు గంటల నలుబది నిమిషములు. పిల్లలు బడులలో ఉన్నారు. ఉపాధ్యాయుడనైన నాకు ఈ మాట చెప్పుటకు నోరు రాదు. బడులు కూలినవి. ఆ విపత్తులో 25,000 మందికి తక్కువ కాకుండ మరణించిరి, లక్షలమంది నిరాశ్రయులైరి. అజ్నవూర్ వెంటనే సహాయసంస్థను నెలకొల్పెను. 1989లో 80 మందికి పైగా గాయకులను, నటులను ఒక్కచోట చేర్చి ఆర్మీనియా కొరకు ఒక పాట పాడించి రికార్డు చేసెను. వారిలో పెక్కుమంది ఆర్మీనియా ముఖమెరుగనివారు. ఆ రికార్డు ఫ్రాన్సులో అగ్రస్థానమున నిలిచినది. దానిపై వచ్చిన ధనము బాధితుల సహాయమునకు పోయినది. ఆయన ఫ్రాన్సులో పరాయివాడుగా ముడుచుకొని బ్రతికియున్నచో ఆ 80 మంది వచ్చియుందురా? ఆర్మీనియాను మరచి బ్రతికియున్నచో పిలిచియుండునా? రెండు భాషలును ఉండుటచేతనే ఆ పని జరిగినది.

1991లో ఆర్మీనియా స్వతంత్ర దేశమైనది. 2001లో రాజధాని యెరెవాన్‌లో ఒక కూడలికి ఆయన పేరు పెట్టిరి. భూకంపమునకు నలిగిన గ్యూమ్రి పట్టణమున విగ్రహము నిలిపిరి. 2004లో ఆ దేశము ఆయనను జాతీయ వీరుడని గౌరవించినది. 2009లో స్విట్జర్లాండునకు తమ రాయబారిగ నియమించినది. పారిస్‌లో పుట్టి, ఆర్మీనియాలో ఒక్క సంవత్సరమైనను కాపురముండని వ్యక్తి ఆ దేశపు రాయబారి!

మహాశయులారా, ఇచ్చట ఒక విషయమును దాచి మాట్లాడుట ఉపాధ్యాయ ధర్మము కాదు. తాను నూటికి నూరుపాళ్లు ఫ్రెంచివాడను, నూటికి నూరుపాళ్లు ఆర్మీనియనును అని అజ్నవూర్ చెప్పుచుండెడివాడు. పాలు కాఫీ కలిసిన పిదప విడదీయరాదను ఉపమానము ఆయనదే. ఐతే వృద్ధాప్యమున మరియొక మాటయు చెప్పెను. ఫ్రెంచివాడగుటకై తన ఆర్మీనియత్వములో చాలభాగమును విడువవలసివచ్చినదని, వలసవచ్చినవాడు అట్లు చేయక తప్పదని. ఈ రెండు మాటలును ఒక్కని నోటివే. నేను చాలసేపు ఆలోచించితిని. విడిచితినని చెప్పినవాడు భూకంపపు వార్త విని నిద్రపోలేదు. తన తండ్రి పాడిన పాటలను మరువలేదు. కావున ఆయన విడిచినది పైమెరుగు, మిగిలినది వేరు అని నాకు తోచినది. పైకి కనబడునది కొంత పోవును. పేరు చివర అక్షరములు పోవును, వేషము పోవును. వానిని గూర్చి ఏడ్చి లాభము లేదు. వేరు మాత్రము చిన్ననాట, ఇంట నాటబడినందున నిలిచినది. నాటకపోయినచో నిలుచునది ఏమున్నది?

ఆయన 94 ఏండ్లు జీవించెను. 2018 సెప్టెంబరులో జపాను దేశమున పాడివచ్చి, అక్టోబరు 1వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని తన యింట కన్నుమూసెను. అక్టోబరు 5న పారిస్‌లోని అన్వలీద్ ప్రాంగణమున ఫ్రాన్సు ప్రభుత్వము జాతీయ వీడ్కోలు జరిపినది. మహావీరులకు జరుపు మర్యాద అది. ఫ్రాన్సు అధ్యక్షుడును, ఆర్మీనియా నాయకులును ప్రక్కప్రక్కన నిలిచిరి. ఆ ప్రాంగణమున ఆర్మీనియనుల దుదుక్ అను వాద్యము మ్రోగినది. ఆప్రికాట్ చెట్టు కొయ్యతో చేయు, మన సన్నాయిని తలపించు ఊదు వాద్యము అది. ప్రవేశపత్రము దొరకక నిలిచిపోయిన కాందిశీకుల బిడ్డను సాగనంపుటకు ఫ్రాన్సు సైన్యము గౌరవవందనము చేయుచుండగా ఆ చిన్న వాద్యము ఏడ్చినది.

ఇంతవరకు ఆయన కథ. ఇక మన మాట.

మన పెద్దలు “ఇంట గెలిచి రచ్చ గెలువవలెను” అనిరి. ఈ సామెతలో రెండు గెలుపులు ఉన్నవి. మనము ఒక్కొక్కరము ఒక్కొక్కదానిని పట్టుకొని రెండవదానిని విడుచుచున్నాము. మొదట నా తప్పు చెప్పుకొందును. ఈ బడిలో తమిళ బోధన ఉండవలసినంత బాగుగ లేదు. 2006 నాటి చట్టము వచ్చినపుడు మన సంఘము వారు తెలుగు హక్కును గూర్చి పోరాడిరి, అది న్యాయమే. కాని పోరాటపు వేడిలో తమిళమును శత్రువుగ చూచు వాడుక మనలో కొందరికి పడినది. నాకును కొంత పడినది. తమిళము మనకు శత్రువు కాదు, అన్నము పెట్టిన తల్లి. వచ్చే జూను నుండి ప్రతి తరగతికిని తమిళమునకు ప్రతిదినము ఒక గంట, వారమునకొక కథల గంట, సంవత్సరమునకొక తమిళ నాటకము ఏర్పాటు చేయుటకు సంఘము వారి అనుమతి పొందితిని. మన బిడ్డలు తమిళములో పాట వ్రాయగలవారు కావలెను.

ఇక రెండవది మీ భాగము. రాజ్యాంగములో 1956లో చేర్చబడిన 350ఎ అధికరణము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో లభించునట్లు చూడవలెనని చెప్పుచున్నది. అది బడిని ఇప్పించగలదు, ఒడిని ఇప్పించలేదు. బిడ్డను తెలుగు బడికి పంపి, ఇంట తెలుగు పలుకుటకు సిగ్గుపడు తల్లిదండ్రులను నేను ఎరుగుదును. వారి బిడ్డలు నా తరగతిలో తెలుగును ఇంగ్లీషువలె పాఠముగ చదువుచున్నారు. పరీక్ష అయిన మరుసటిదినము మరచిపోవుచున్నారు. అజ్నవూరుకు ఆర్మీనియను నేర్పినది బడి కాదు. అప్పులతో మూతపడిన భోజనశాల యజమాని, రాత్రివేళ పాడిన పాట.

టి.సి. తీసికొనిపోయిన ఆ తండ్రి నేడు ఈ సభలో లేరు. వారి బంధువులు మీలో ఉన్నారు. నా మాటగ ఒకటి చేర్పుడు. నాడు నేను బడిని కాపాడుకొనుటకు మాట్లాడితిని గాని, ఆయన బిడ్డను గూర్చి మాట్లాడలేదు. పిల్లవానిని ఏ బడిలో చదివించినను నాకు కోపము లేదు. తమిళములో వాడు మొదటివాడు కావలెనని నా ఆశీర్వాదము. కాని రాత్రి అన్నము తినునపుడు వానితో తెలుగున మాట్లాడుమనుడు. తాత ఈ ఊరికి ఎట్లు వచ్చెనో, ఏ గట్టున మొదటి పూరిల్లు వేసెనో తెలుగున చెప్పుమనుడు. వాడికి తెలుగు అక్షరములు కావలెనన్నచో ఆదివారము ఉదయము ఈ బడి తలుపు తెరచియుండును. రుసుము లేదు, టి.సి. అక్కరలేదు. నేను కూర్చుండియుందును.

చెన్నపట్టణమున ఆ వీధికి పేరు మిగిలినది, మాట మిగులలేదు. రేపు మన వీధికి తెలుగు పేరుండి తెలుగు మాట లేని దినము రాకుండుగాక.